లోపం మీ వైపే ఉంది!

ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయిందని ఫిర్యాదు చేస్తే మొదట వినిపించే మాట ఒకటుంది: "రౌటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి." ఏ ఊరి నుంచి ఫోన్ చేసినా, ఏ భాషలో అడిగినా జవాబు ఇదే. గత నెలలో తూర్పు ఢిల్లీలోని మా ఇంట్లో నాలుగు రోజులపాటు ఇంటర్నెట్ లేదు. ఆ నాలుగు రోజుల్లో ఈ మాటను ఏడుసార్లు విన్నాను. మొదటిసారి అది సలహాలా వినిపించింది. ఏడోసారికి, పాతికేళ్లుగా నేను వార్తలు రాస్తున్న రాజకీయ వ్యవస్థ గొంతులా వినిపించింది. అదెలాగో చెప్పాలంటే ముందు ఆ నాలుగు రోజుల కథ చెప్పాలి.

సలహాలో తప్పు లేదని మొదటే ఒప్పుకోవాలి. రౌటర్ ఒక చిన్న కంప్యూటర్. నెలల తరబడి నిద్ర లేకుండా పనిచేస్తుంది. దాని జ్ఞాపకశక్తి నిండిపోవచ్చు, ఎండాకాలంలో వేడెక్కి మొరాయించవచ్చు. మన పేరుతో కంపెనీ సర్వర్ దగ్గర తెరిచి ఉన్న పాత లాగిన్ మూతపడక, కొత్తదానికి దారివ్వక మొండికేయవచ్చు. అర నిమిషం కరెంటు తీసేసి మళ్లీ పెడితే ఇలాంటి చిక్కులు చాలావరకు విడిపోతాయి. కనుక ఎవరైనా ముందు చేయవలసిన పని అదే. ప్రశ్నల్లా, అది ఫలించనప్పుడు రెండో అడుగు ఏమిటన్నదే.

రెండో అడుగుకు ఒక క్రమం ఉంది. నేను ఇంజినీరును కాను. పత్రికారచన చదువుకున్నవాణ్ని. అయినా ఈ క్రమం నాకు కొత్తగా అనిపించలేదు. ఒక వార్త నిజమో కాదో తేల్చుకోవడానికి విలేకరి చేసే పనీ ఇదే. దగ్గరివాటి నుంచి మొదలుపెట్టి, ఒక్కో అనుమానాన్ని కొట్టివేస్తూ దూరానికి వెళ్లడం.

ముందు చూడవలసింది, ఒక్క పరికరానికే రావడం లేదా, ఇంట్లో దేనికీ రావడం లేదా అన్నది. ఫోనుకు వచ్చి లాప్‌టాప్‌కు రాకపోతే లోపం లాప్‌టాప్‌ది. దేనికీ రాకపోతే వైఫైని అనుమానించాలి. రౌటర్ నుంచి లాప్‌టాప్‌కు ఒక తీగ కలిపితే ఆ అనుమానం నిమిషంలో తీరిపోతుంది. తీగతో వచ్చి గాలిలో రాకపోతే గోడల అడ్డో, పక్కింటి వైఫైల రద్దీయో కారణం. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటలేదు. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది కానీ రద్దీలో నలుగుతుంది. తీగతోనూ రాకపోతే బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి చూడాలి. చాలా రౌటర్ల ఇంటి చిరునామా అదే. ఆ పేజీ తెరుచుకుంటే రౌటర్ దాకా దారి బాగానే ఉన్నట్టు.

ఆ తరువాత 8.8.8.8 అనే చిరునామాకు ఒక పలకరింపు పంపాలి. దీన్నే పింగ్ అంటారు. అంకెలకు జవాబు వచ్చి, వెబ్‌సైట్ పేరు కొడితే రాకపోతే దారి ఉంది, చిరునామాల పుస్తకం పోయిందన్నమాట. పేర్లను అంకెలుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర లోపం. రౌటర్ అమరికల్లో మరో డీఎన్‌ఎస్ చిరునామా రాసుకుంటే సరిపోతుంది. అంకెలకూ జవాబు రాకపోతే ఇక గోడకున్న చిన్న తెల్ల పెట్టె వంక చూడాలి. ఫైబర్ తీగ వచ్చి కలిసేది ఆ పెట్టెకే. కొన్ని ఇళ్లలో రౌటరూ అదే పెట్టెలో ఉంటుంది.

ఆ పెట్టె మీద రెండు దీపాలు ముఖ్యం. ఒకటి పాన్. అది పచ్చగా నిలకడగా వెలుగుతుంటే కంపెనీ యంత్రంతో మన పెట్టెకు మాట కలిసినట్టు. రెండోది ఎల్‌ఓఎస్, అంటే లాస్ ఆఫ్ సిగ్నల్. అది ఎర్రగా కొట్టుకుంటుంటే తీగలోంచి రావలసిన కాంతి రావడం లేదని అర్థం. తీగ తెగిందో, మరీ మడతపడిందో, కొనలో దుమ్ము చేరిందో. మడత కూడా చిన్న విషయం కాదు. ఫైబర్‌లో కాంతి ప్రయాణించే గాజు మార్గం మందం మీటరులో పది లక్షల వంతులు తొమ్మిది మాత్రమే. సోఫా వెనక్కి నెట్టినప్పుడు తీగ మడతపడినా అందులోని కాంతి పక్కకు కారిపోతుంది.

మా ఇంట్లో ఎర్ర దీపం కొట్టుకుంటోంది. తీగ ఎక్కడా మడతపడలేదు, కొన శుభ్రంగా ఉంది. పది నిమిషాల్లో ఇంటిలోపలి అనుమానాలన్నీ తీరిపోయాయి. లోపం గుమ్మం బయట ఉంది. ఆ మాటే కస్టమర్ కేర్‌కు చెప్పాను. "సరే సార్, రౌటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి" అంది అవతలి గొంతు.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె ముందున్న తెర మీద ప్రశ్నలు వరుసగా వస్తాయి. మొదటిదానికి 'చేశారు' అని నొక్కనిదే రెండోది తెరుచుకోదు. ఎర్ర దీపం గురించిన ప్రశ్న ఆ వరుసలో ఎక్కడో కింద ఉంటుంది. అక్కడికి చేరేలోపు ఫోన్ తెగిపోతుంది. మళ్లీ చేస్తే మరో గొంతు, మళ్లీ మొదటి ప్రశ్న. మొదటిరోజు సాయంత్రం ఫిర్యాదు నంబరు వచ్చింది. రెండోరోజు ఉదయం 'మీ ఫిర్యాదు పరిష్కారమైంది' అని సందేశం వచ్చింది. ఎవరూ రాలేదు, దీపం రంగు మారలేదు. మళ్లీ ఫిర్యాదు చేశాను. మూడోరోజు అదీ 'పరిష్కారమైంది'. కారణం అడిగితే రికార్డులో ఉన్నది చదివి వినిపించారు: "వినియోగదారుడి ఇంట్లో లోపం."

నాలుగోరోజు మధ్యాహ్నం లైన్‌మన్ వచ్చాడు. బిహార్ కుర్రాడు, పాతికేళ్లుండవు. భుజాన సంచి, చేతిలో అరచేతి పొడవున్న కాంతి మీటరు. మా పెట్టెకున్న తీగ ఊడదీసి మీటరుకు పెట్టాడు. అంకె రాలేదు. మామూలుగా మైనస్ ఇరవై ప్రాంతంలో ఉండాలి, మైనస్ ఇరవై ఏడు దాటితే పెట్టెకు చూపు ఆనదు అని చెప్పాడు. మెట్ల మీది పంపిణీ పెట్టె తెరిచాడు, అక్కడా లేదు. సందు చివరికి నడిచాడు. వెనకే నేనూ నడిచాను. మురుగుకాలువ కోసం అయిదు రోజుల కిందట తవ్విన గొయ్యి ఉంది. గోతి అంచున నల్లటి తీగ రెండు ముక్కలై వేలాడుతోంది.

"పద్నాలుగు ఇళ్ల కనెక్షన్లు దీని మీదే ఉన్నాయి సార్‌జీ" అన్నాడు తీగ కొసను వేళ్ల మధ్య తిప్పి చూస్తూ. "అందరూ ఎవరింట్లో వాళ్లు రౌటర్లు ఆపుకుంటూ, పెట్టుకుంటూ కూర్చున్నారు."

గోతి పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, చిన్న యంత్రంలో రెండు గాజుపోగులను ఎదురెదురుగా పెట్టి, విద్యుత్ మెరుపుతో కరిగించి అతికాడు. వెంట్రుక మందం ఉన్న పోగులు. వంచిన తల ఎత్తకుండా ఒక్కొక్కటే అతుకుతూ పోయాడు. సాయంత్రానికి ఇంట్లో దీపం పచ్చబడింది. మీటరు మైనస్ ఇరవై ఒకటి చూపింది. అతని పనికి నేను పేరు పెట్టలేను. కానీ అతను అన్న మాట మాత్రం నన్ను వదలలేదు. పద్నాలుగు ఇళ్లకు ఒక్కసారిగా వచ్చిన ఒకే లోపం, పద్నాలుగు ఇళ్ల వేర్వేరు లోపాలుగా నమోదైంది. పక్కింటివారిని పలకరించనంతకాలం అది మన ఒక్కరి బాధే అనుకుంటాం. పలకరిస్తే గానీ అది వీధి బాధ అని తెలియదు.

కంపెనీకి మాత్రం ఈ సంగతి తెలియకపోవడానికి వీలు లేదు. ఫైబర్ వ్యవస్థలో ఒక ఏర్పాటు ఉంది. ఇంట్లో కరెంటు పోయినప్పుడు మన పెట్టె ఆరిపోయే ముందు మిగిలిన రవ్వంత శక్తితో కంపెనీ యంత్రానికి ఒక చివరి సందేశం పంపుతుంది. ఇంజినీర్లు దాన్ని 'డైయింగ్ గ్యాస్ప్' అంటారు. తుదిశ్వాస అన్నమాట. తీగ తెగితే ఆ సందేశం వెళ్లదు, పెట్టె ఉన్నట్టుండి మాయమవుతుంది. అంటే, ఇంట్లో కరెంటు పోయిందా, బయట తీగ తెగిందా అన్నది కంపెనీ తన గదిలో కూర్చునే పోల్చుకోగలదు. ఒకే తీగ మీదున్న పద్నాలుగు పెట్టెలు ఒకే నిమిషంలో తుదిశ్వాస లేకుండా మాయమైతే దానర్థం చెప్పడానికి లైన్‌మన్ అక్కర్లేదు. యంత్రానికి తెలిసిన నిజం ఫోన్ ఎత్తిన అమ్మాయికి చేరదు. ఆమెకు చేరనిది మనకు అసలే చేరదు.

తీగలు తెగడం మన దేశంలో వింత కాదు. రోడ్డు తవ్వేవారికీ తీగ వేసేవారికీ మాటల్లేవు. ఈ తవ్వకాల వల్ల ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టం జరుగుతోందని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పి, తవ్వేముందు కింద ఏమున్నదో అడిగి తెలుసుకోవడానికి 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్‌ను ప్రధానమంత్రి చేత ప్రారంభింపజేసింది. నేల మీది బాధలు నేలవైతే, గాలిలోవి గాలివి. వారణాసిలో గంగ ఒడ్డున వేలాడదీసిన ఫైబర్ తీగలను కోతులు కొరికివేస్తున్నాయని 2015లో వార్తలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ తీగలను కరెంటు స్తంభాల మీదుగానే ఊరూరికీ లాగారు. ఖర్చు తగ్గింది కానీ, పెనుగాలి వీచినప్పుడు కరెంటుతో పాటు అదీ నేలకూలే ప్రమాదం ఉంది. ఇవన్నీ అర్థం చేసుకోగల కష్టాలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చిపెట్టినప్పుడు ఫోన్లు మూగబోయాయి. ఎవరూ తమ ఫోనును అనుమానించలేదు. కారణం కళ్లెదుట ఉంది. కారణం తెలిసిన కష్టాన్ని మనిషి ఓర్చుకుంటాడు. తెలియని కష్టానికి మాత్రం తనను తానే నిందించుకుంటాడు.

దూరమూ ఒక సాకు కాదు. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో, సౌదీలోని జెడ్డా దగ్గర సముద్రగర్భంలో తీగలు తెగి భారత్, పాకిస్తాన్‌లతో సహా పలు దేశాల్లో ఇంటర్నెట్ మందగించింది. ఏ తీగలు తెగాయో, ఏ తీరం దగ్గర తెగాయో ఒకటి రెండు రోజుల్లోనే లోకానికి తెలిసిపోయింది. వేల కిలోమీటర్ల అవతల సముద్రం అడుగున తెగిన తీగ జాడ మనకు చెప్పగలుగుతున్నారు. మా సందు చివర గోతిలో తెగిన తీగ జాడ చెప్పలేకపోయారు. ఇది సాంకేతిక లోపం కాదని వేరే చెప్పనక్కర్లేదు.

మరి చట్టం ఏమంటోంది? ఇంటర్నెట్ రానివారికి దారులు లేకపోలేదు. మొదట ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. ఆ నంబరు లేనిదే తరువాతి దారి ఏదీ తెరుచుకోదు. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి వెళ్లాలి. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం అక్కడ 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ నేరుగా ఒక్కొక్కరి ఫిర్యాదు వినదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా అన్నది చాలాకాలం చిక్కుముడిగా ఉండిపోయింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్ని చూపి, టెలిఫోన్ తగాదాలు వినియోగదారుల ఫోరాలకు చెందవని 2009లో సుప్రీంకోర్టు అన్నది. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు మరో కేసులో ఆ తలుపు తెరిచింది. టెలికాం సేవ కూడా సేవే, వినియోగదారుడు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు అని తేల్చింది. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

2024లో వచ్చిన ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనలు మరో అడుగు వేశాయి. ఒక జిల్లాలో సేవలు 24 గంటలకు మించి నిలిచిపోతే ఆ మేరకు బిల్లు తగ్గించాలని లేదా గడువు పెంచాలని చెప్పాయి. మంచిదే. కానీ జిల్లా మొత్తం చీకటైతే లెక్కకు వస్తుంది. పద్నాలుగు ఇళ్ల చీకటి లెక్కకు రాదు. అది పద్నాలుగు 'ఇంటిలోపలి లోపాలు'గానే మిగిలిపోతుంది.

ఇక్కడితో ఆగితే ఇది ఒక వినియోగదారుడి సణుగుడే అవుతుంది. కానీ మన దేశంలో ఇంటర్నెట్ ఆగిపోవడానికి తెగిన తీగ, కొరికిన కోతి, వీచిన గాలి మాత్రమే కారణాలు కావు. ఆదేశం కూడా ఒక కారణం. ఇంట్లో ఆ సంగతి చెప్పే దీపం ఏదీ లేదు.

2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చడం మీద చెలరేగిన అల్లర్లలో మంత్రి ఇంటికి నిప్పు పెట్టారు. జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ నిలిపివేశారు. మర్నాడు మధ్యాహ్నం అక్కడి పల్లెటూరి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "ఏవిట్రా, ఈ ఫోను పొద్దుట్నుంచీ గుండ్రంగా తిరుగుతోందే గానీ ఏవీ రావట్లేదు. ఆపి పెట్టాను, మళ్లీ ఆపి పెట్టాను. సెంటర్లో ఫోన్ల కొట్టు కుర్రాడికి చూపిస్తే అందులో ఉన్నవన్నీ తుడిచేసి ఇచ్చాడు. అయినా రావట్లేదు." బాబాయ్ పోయాక ఆమెకు మిగిలిన ఫోటోలు కొన్ని ఆ ఫోనులో ఉండేవి. అవి ఇక తిరిగి రాలేదు. "నీ ఫోనుకు ఏమీ కాలేదు పిన్నీ, జిల్లా అంతటికీ ఆపేశారు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మరి ఆ ముక్క చెప్పొచ్చు కదరా" అంది.

శాంతిభద్రతల మీద ఎన్ని వ్యాసాలు చదివినా ఆ ఒక్క మాటకు సాటి రాదు. ఆపడం సబబా కాదా అన్నది పిన్ని అడగలేదు. ఊళ్లు తగలబడుతుంటే కొన్ని గంటలు ఆపవలసి రావచ్చునేమో, దాని మీద వాదోపవాదాలు ఉన్నాయి. ఆమె అడిగింది ఒక్కటే. ఆపినట్టు చెప్పమని. రెండు వాక్యాల సందేశం ప్రతి ఫోనుకూ పంపడం మొబైల్ కంపెనీలకు క్షణాల పని. ఇంటర్నెట్ ఆగినా ఎస్ఎంఎస్ ఆగనవసరం లేదు.

ఈ చెప్పడం గురించే మన అత్యున్నత న్యాయస్థానం ఒక ముఖ్యమైన మాట అన్నది. 2019 ఆగస్టులో కశ్మీర్‌లో ఫోన్లు, ఇంటర్నెట్ మూతపడినప్పుడు, పత్రిక తేలేని స్థితిలో 'కశ్మీర్ టైమ్స్' కార్యనిర్వాహక సంపాదకురాలు అనూరాధా భాసిన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2020 జనవరి 10న జస్టిస్ ఎన్.వి. రమణ, జస్టిస్ ఆర్. సుభాష్‌రెడ్డి, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఇంటర్నెట్ ద్వారా అభిప్రాయాలు చెప్పుకోవడానికీ వ్యాపారం చేసుకోవడానికీ రాజ్యాంగ రక్షణ ఉందనీ, నిరవధికంగా ఆపడం చెల్లదనీ, అన్నింటికన్నా ముఖ్యంగా, ఆపుతూ ఇచ్చిన ఆదేశాలను ప్రచురించి తీరాలనీ అన్నది. ఆదేశం కంటికి కనిపించకపోతే దాన్ని ప్రశ్నించేదెలా అన్నది అందులోని తర్కం. అంతకు కొన్ని నెలల ముందే, 2019 సెప్టెంబరులో, హాస్టల్‌లో ఫోన్ ఆంక్షలను కాదన్న ఒక విద్యార్థిని కేసులో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటును చదువుకునే హక్కులో, గోప్యత హక్కులో భాగంగా గుర్తించింది.

తీర్పు వచ్చినంత మాత్రాన తీగ అతకలేదు. కశ్మీర్‌లో 2020 జనవరి చివరిలో 2జీ వచ్చింది, అదీ అనుమతించిన వెబ్‌సైట్ల వరకే. 4జీ 2021 ఫిబ్రవరి 5న గాని తిరిగి రాలేదు. ఏడాదిన్నర. మణిపుర్‌లో 2023 మేలో ఆపిన ఇంటర్నెట్‌ను జూలై చివరిలో ఇళ్లలోని బ్రాడ్‌బ్యాండ్‌కు షరతులతో వదిలారు. స్థిర చిరునామా ఉన్న కనెక్షన్లకే, వైఫై పెట్టరాదు, సామాజిక మాధ్యమాలు తెరవరాదు, వీపీఎన్ ఉంటే తీసేయాలి. అంటే ఇంట్లో రౌటర్ ఎలా వాడాలో హోంశాఖ చెప్పింది. అల్లర్లే కానక్కర్లేదు, పరీక్షలు చాలు. రాజస్థాన్, అస్సాం, జార్ఖండ్‌లలో ప్రశ్నపత్రాలు బయటపడకుండా అంటూ ఇంటర్నెట్ ఆపారు. 2024 సెప్టెంబరులో జార్ఖండ్ హైకోర్టు ఆదివారం నాడు ప్రత్యేకంగా కూర్చుని, తిరిగి ఇప్పించవలసి వచ్చింది. ఆక్సెస్ నౌ అనే అంతర్జాతీయ సంస్థ లెక్క ప్రకారం 2023లో మన దేశంలో 116సార్లు, 2024లో 84సార్లు ఇంటర్నెట్ ఆగింది.

లెక్క కోసం విదేశీ సంస్థను ఎందుకు ఆశ్రయించడం అని పాఠకులు అడగవచ్చు. సమాధానం విచారకరం. 2021 డిసెంబరులో పార్లమెంటు ఐటీ స్థాయీసంఘం ఇదే ప్రశ్న వేసి తెలుసుకున్నదేమంటే, ఎక్కడ ఎన్నిసార్లు ఇంటర్నెట్ ఆపారో టెలికాం శాఖ దగ్గరా లేదు, హోంశాఖ దగ్గరా లేదు. రాష్ట్రాల పని అని వదిలేశారు. లెక్క పెట్టమని స్థాయీసంఘం చెప్పింది. నా ఒక్క ఇంటి లోపానికి ఫిర్యాదు నంబరు ఉంది. ఒక జిల్లా నోరు మూయించిన ఘటనకు ఢిల్లీలో వరుస సంఖ్య లేదు. టెలికాం చట్టం 2023 కింద 2024 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనలు ఆదేశంలో కారణం, ప్రాంతం, వ్యవధి రాయాలనీ, పదిహేను రోజులకు మించరాదనీ, దాన్ని ప్రచురించాలనీ అంటున్నాయి. కాగితం మీద ఇది ముందడుగే. ప్రచురించడమంటే ఇంటర్నెట్ లేని జిల్లా కోసం ఇంటర్నెట్‌లో పెట్టడమా, మా పిన్ని చేతిలోకి చేరవేయడమా అన్నదే తేలవలసింది.

చెప్పకపోవడం ఎంతదూరం పోతుందో పొరుగుదేశం చూపింది. 2024 జూలైలో విద్యార్థుల ఉద్యమం ఉధృతంగా ఉండగా బంగ్లాదేశ్ అంతటా ఇంటర్నెట్ ఆగిపోయింది, ఇళ్లలోని బ్రాడ్‌బ్యాండ్ సహా. ఆందోళనకారులు డేటా సెంటర్‌కు నిప్పు పెట్టడం వల్ల, తీగలు కాలడం వల్ల అలా జరిగిందని అప్పటి మంత్రి చెప్పారు. ఆగస్టు 5న షేక్ హసీనా ప్రభుత్వం కూలిన తరువాత జరిపించిన విచారణలో తేలింది వేరు. ఆపమన్నది పైవారే, నిప్పుకు దానితో సంబంధం లేదని. అంటే ప్రభుత్వం తన ఆదేశాన్ని లోపంగా చూపి, ఆ లోపాన్ని ప్రజల నెత్తిన పెట్టింది. 'లోపం మీ వైపే ఉంది' అన్న మాటకు ఇంతకన్నా నిండైన రూపం ఉండదు.

ఈ మాట ఎవరికి ఎంత ఖరీదు అన్నది కూడా చూడాలి. నాలుగు రోజులు ఇంటర్నెట్ లేకపోతే నేను ఫోను డేటాతో వ్యాసాలు పంపగలను, ప్రెస్‌క్లబ్‌కు వెళ్లి కూర్చోగలను. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫోటోతో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని కొండవాలులో రెండో ఫోటో ఎక్కకపోతే మట్టి తవ్విన కూలీ పనికి రానట్టే లెక్క. రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రానికి సర్వర్ పలకకపోతే ముసలామె వేలు తుడుచుకుని మళ్లీ పెడుతుంది, మళ్లీ తుడుచుకుంటుంది. ఆమెకు తన వేలే అరిగిపోయిందనిపిస్తుంది. డీలరు 'రేపు రా' అంటాడు. సర్వర్ ఆగిందా, సిగ్నల్ లేదా, నిజంగా వేలిముద్రే పడలేదా అన్నది చెప్పే దీపం ఆ యంత్రం మీద ఆమెకు కనబడేలా ఉండదు. రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ తీసుకుపోతామని 2011లో మొదలైన పథకం భారత్‌నెట్ అని పేరు మార్చుకుని, 2023లో మరో 1.39 లక్షల కోట్ల రూపాయల అంచనాతో ఇంకా సాగుతోంది. తీగ పోయిన ప్రతి ఊరిలో వెలుగు ఉన్నట్టు కాదని ఎర్ర దీపం చూసిన ప్రతివారికీ తెలుసు.

వేగం గురించి, ధర గురించి మనవాళ్లు చాలా మాట్లాడుకుంటారు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచినప్పుడు పత్రికల్లో శీర్షికలు వచ్చాయి. దానికన్నా ముందు అడగవలసిన హక్కు ఒకటుందని నాకనిపిస్తోంది. లోపం ఎక్కడుందో తెలుసుకునే హక్కు. ఇందుకు పెద్ద చట్టాలు అక్కర్లేదు. ఒకే తీగ మీది ఇళ్లు ఒక్కసారిగా ఆగితే ఆ సంగతి కంపెనీ తనంత తానుగా ఆ ఇళ్లకు చెప్పాలి. వినియోగదారుడు ఒప్పుకోనిదే ఏ ఫిర్యాదూ 'పరిష్కారమైంది' అని మూతపడకూడదు. ప్రభుత్వం ఆపినప్పుడు ఎవరు ఆపారో, ఎందుకో, ఎప్పటిదాకానో ప్రతి ఫోనుకూ ఎస్ఎంఎస్‌గా, జనం భాషలో వెళ్లాలి. ఆపిన ప్రతిసారీ ఒక వరుస సంఖ్య, ఆ సంఖ్యలన్నీ ఏడాదికొకసారి పార్లమెంటు ముందుకు. మూడూ యంత్రాలకు ఇప్పుడే సాధ్యమైనవి. సాధ్యం కానిదల్లా అలవాటు మార్చుకోవడమే.

పాలకులకు, కంపెనీలకు ఈ అలవాటు ఎందుకు సుఖంగా ఉంటుందో లైన్‌మన్ కుర్రాడు ఒక్క వాక్యంలో చెప్పేశాడు. ఎవరింట్లో వాళ్లు రౌటర్లు తిప్పుకుంటూ కూర్చున్నంతసేపు గోతి దగ్గరికి ఎవరూ వెళ్లరు. ఉమ్మడి లోపాన్ని ముక్కలు చేసి, ఎవరి ముక్క వారి చేతిలో పెట్టి, అది వారి తప్పేననిపించడం కన్నా సులువైన పాలన లేదు. కనుక దీపం ఎర్రబడినప్పుడు రౌటర్‌ను ఒకసారి ఆపి పెట్టండి, తప్పు లేదు. రెండోసారి ఆపేముందు మాత్రం పక్కింటి తలుపు తట్టి, వారికి వస్తోందో లేదో అడగండి.